శుక్రవారం సెలవు

అక్టోబర్ 27, సోమవారం

ఈ పుస్తకం నా ఒక్కదాని కోసం. దీన్ని ఎవరూ చదవకూడదు. ఈ మాట మొదటి పేజీలోనే రాసిపెడుతున్నాను. అయినా చదివేదెవరు? అత్తమ్మకు చదువు రాదు. మా పాప ప్రతీక్షది ఇంగ్లీషు మీడియం, దానికి తెలుగు అక్షరం ముగ్గుకూ జిలేబీకీ మధ్యలో ఏదోలా కనిపిస్తుంది. మా ఆయన మంగేష్ చదవగలడు గానీ నిన్నటి నుంచి ఊళ్లో లేడు.

రాయడం ఎందుకంటే, ముంబై నాగ్‌పాడాలో మా టూర్ ఆఫీసు ఓనరు శంకర్రావు గారు నాకో పని పెట్టారు. తెలుగువాళ్ల కోసం చిన్న పుస్తకం వేస్తారట. "ముంబైనా, హైదరాబాదా? మూడు రోజుల సెలవుకు ఏ ఊరు మేలు?" అని. కామాఠిపురా తెలుగు బడిలో చదివినదాన్ని ఆఫీసులో నేనొక్కదాన్నే కాబట్టి నేనే రాయాలి. పదేళ్లుగా తెలుగు రాయలేదు, చేయి మొద్దుబారింది. రోజూ ఏదో ఒకటి రాస్తే చేయి తిరుగుతుందని ఈ పాత డైరీ ఇచ్చారు. ఏ ఊరు గెలవాలి అని అడిగాను. "రెండు ఊళ్లకు మన బస్సులున్నయి సపనా, ఏదీ ఓడిపోవద్దు" అన్నారు. ఇదెక్కడి పోటీయో.

మంగేష్ వెళ్లింది కూడా హైదరాబాదుకే. ఏవో పెద్ద టవర్లకు పీఓపీ సీలింగ్ పని, నాలుగు నెలలు. బస్సు దాకా వస్తానంటే వద్దన్నాడు. ప్రతీక్షను దగ్గరికి తీసుకోలేదు, గుమ్మం దగ్గర నుంచే చేయి ఊపాడు. ప్రయాణం కంగారు.

అత్తమ్మ అతని కంచం, గ్లాసు కడిగి పై అరలో బోర్లించింది. అది వాళ్ల పాలమూరు అలవాటు. ఊరు వెళ్లినవాడి కంచంలో అతను తిరిగొచ్చేదాకా ఇంకొకరు తినకూడదట. ఈసారి ముసలామెకు తొందర ఎక్కువైంది. అతను బయల్దేరడానికి పది రోజుల ముందే బోర్లించింది. ఆ పది రోజులూ మంగేష్ కాగితం ప్లేట్లలో తిన్నాడు. నేను నవ్వాను, వాళ్లిద్దరూ నవ్వలేదు.

అక్టోబర్ 29, బుధవారం

పక్క గల్లీలో పాత చాల్ బిల్డింగు కూలుస్తున్నారు. రేపో మాపో మాదీ కూలుస్తారు, అది వేరే సంగతి. పొద్దున ఏడింటికి మొదలయ్యే ఆ దబదబకు పాల గిన్నె కూడా వణుకుతోంది. దుమ్ము ఎంతంటే, తుడిచిన పొయ్యి మీద పది నిమిషాల్లో పేరు రాయొచ్చు. ప్రతీక్షకు నిన్నటి నుంచి దగ్గు. కిటికీ బిగించి, సందుల్లో గుడ్డలు మళ్లీ కుక్కాను. ఉన్నదే ఒక్క ఖోలీ, నలుగురం ఉండే గది. దసరా నుంచీ ఈ కిటికీ నేను సరిగ్గా తెరవనే లేదు.

మంగేష్ చార్మినార్ ఫోటో పంపాడు. చాలా బాగుంది. "నీ బుక్కుల హైదరాబాద్ సగం నేను పంపుత, ముంబై సగం నువ్ రాస్కో, ఎవరు గెలుస్తరో జూద్దం" అని రాశాడు. పెళ్లయినప్పటి నుంచీ ఇదే మా పోట్లాట. ఇద్దరం ఈ గల్లీలోనే పుట్టాం. కానీ తాతలది పాలమూరు కాబట్టి హైదరాబాదే మన ఊరు అంటాడు అతను. చూడని ఊరి మీద ఎంత ప్రేమో. దూరపు కొండలు నునుపు.

నవంబర్ 1, శనివారం

ముంబై గురించి రెండు వాక్యాలు రాశాను.

"సముద్రానికి టికెట్ లేదు, గేటు లేదు, సెలవు లేదు. మెరైన్ డ్రైవ్ గోడ మీద ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు."

శంకర్రావు గారికి నచ్చింది. నేను ఆ గోడ మీద ఆఖరుసారి కూర్చుని నాలుగేళ్లయిందని ఆయనకు చెప్పలేదు. ఇక్కడి నుంచి బస్సులో ఇరవై నిమిషాలు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు, ఇదే కాబోలు.

నవంబర్ 4, మంగళవారం

నల్లా దగ్గర పై అంతస్తు కోమల్ పలకరించింది. నేను మామూలుగా ఆమెతో మాట్లాడను. మూడేళ్ల కింద ఆమెకు టీబీ వచ్చింది. ఇప్పుడు లేదంటుంది. పిల్లలున్న ఇల్లు, మన జాగ్రత్తలో మనముండాలి కదా.

ఆమె ఏమందో రాస్తే గానీ నా కోపం తీరదు. "అక్కా, పాప దగ్గు మంచిగ లేదు. ఒక్కసారి సర్కారు దవాఖానల చూపియ్యి" అంది. గదుల ముందు గ్యాలరీలో, పది మంది ముందు. తన రోగం అందరికీ అంటగట్టాలని చూస్తుందా ఏమిటి. దుమ్ముకు దగ్గనివాళ్లెవరు? నేనూ దగ్గుతాను. బిందె ఎత్తుకుని వచ్చేశాను.

నవంబర్ 7, శుక్రవారం

మంగేష్ ఇవాళ సాలార్‌జంగ్ మ్యూజియం చూశాడట. పని మధ్యాహ్నానికే అయిపోయిందట. పెద్ద గడియారం ముందు జనం నేల మీద కూర్చుని ఎదురుచూస్తారట, గంట కాగానే లోపలి నుంచి బొమ్మ మనిషి వచ్చి గంట కొడతాడట. ఎంత చక్కగా చెప్పాడో. వింటూ కాగితం మీద రాసుకున్నాను. అతనికి ఇంత మాట వచ్చని నాకు తెలియదు. ఇంట్లో ఉన్నప్పుడు "ఉప్పు తక్కువైంది" తప్ప మాట్లాడేవాడు కాదు.

వీడియో కాల్ చెయ్యమంటే నెట్ రాదన్నాడు. ఫోటోలు మాత్రం వస్తున్నాయి.

ప్రతీక్ష స్నేహితురాలి పుట్టినరోజుకు వెళ్లి ఐస్‌క్రీం తింది. దగ్గు ఎక్కువైంది. తినొద్దని చెప్పి పంపాను, వింటేనా.

నవంబర్ 11, మంగళవారం

పుస్తకంలో వెనక పేజీకి వేళల పట్టిక తయారు చేస్తున్నాను. ఏది ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు, ఏ వారం సెలవు. శంకర్రావు గారికి అన్నిటికన్నా ఇదే ముఖ్యం. రాసింది ఎంత అందంగా ఉన్నా, మూసిన తలుపు ముందు నిలబడ్డ టూరిస్టు తిట్టేది మనల్నే అంటారు.

ఎలిఫెంటా గుహలకు సోమవారం సెలవు.

సాలార్‌జంగ్ మ్యూజియంకు శుక్రవారం సెలవు.

రెండుసార్లు చూశాను.

నవంబర్ 12, బుధవారం

గురువారం వెళ్లి ఉంటాడు. నాకు శుక్రవారం చెప్పాడు, అంతే.

నవంబర్ 13, గురువారం

నిన్న అనబోయి ఇయ్యాల అన్నాడేమో. నిన్నటి పనిని ఇవాళ అని చెప్పేవాళ్లు ఎంతమంది లేరు. "ఇప్పుడే మ్యూజియం నుంచి బయటికొచ్చిన" అన్నాడు అని నాకు గుర్తు. నా గుర్తుకేం, నిన్న పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

నవంబర్ 17, సోమవారం

ఇవాళ ఇంట్లో గొడవ. బడి నుంచి వచ్చి ప్రతీక్ష స్టూలు వేసుకుని పై అరలో వాళ్ల నాన్న కంచం తీసింది. "పప్పాచ్యా తాటాత్ జేవణార్" అని మారాం, పప్పా కంచంలోనే తింటుందట. దానికి బెంగ పాపం, ఎప్పుడూ అతని పక్కలో పడుకుని అలవాటు. అత్తమ్మ లేచి దాని చేతి మీద ఒక్కటి కొట్టింది. తొమ్మిదేళ్లలో ఆమె ఆ పిల్ల మీద చెయ్యి చేసుకోవడం నేను చూడలేదు. కంచం లాక్కుని పొయ్యి మీద నీళ్లు కాచి, ఆ సలసల నీళ్లలో ముంచి తీసింది. తరువాత ప్రతీక్ష చేతులు సబ్బుతో నాలుగుసార్లు కడిగించింది.

నాకు ఒళ్లు మండింది. ఏమిటీ అతి అని అడిగాను. "ఊరు వోయినోని కంచం ముట్టద్దు బిడ్డా. ముడితే వానికి తొవ్వల మంచిగ గాదు" అంది. చెబుతున్నప్పుడు నా మొహం చూడలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను అడగకుండానే "మంగేష్ మంచిగనే ఉన్నడు" అని కూడా అంది.

ఆమెకు తెలుసు. ఏదో తెలుసు. తల్లీకొడుకులు ఏదో దాస్తున్నారు.

నవంబర్ 18, మంగళవారం

హైదరాబాదులో ఆడది ఉంది. రాసేశాను. రాస్తే చేయి తిరుగుతుందన్నారు కదా.

నవంబర్ 21, శుక్రవారం

చార్మినార్, గోల్కొండ, హుస్సేన్‌సాగర్, బిర్లా మందిర్. ఇప్పటిదాకా ఇరవై ఆరు ఫోటోలు వచ్చాయి. ఒక్కదాంట్లోనూ అతను లేడు. నీ మొహం పంపు అని రాశాను. సాయంత్రానికి పంపాడు. వెనక నీలం రేకు గోడ. దవడలు లోపలికి పోయాయి, కళ్లు పెద్దవయ్యాయి. హైదరాబాదు వెళ్లి, ఆ బిర్యానీలు తిని చిక్కినవాడు లోకంలో వీడొక్కడే ఉంటాడు.

ఎంత కోపంలో ఉన్నా ఆ ఫోటో చూస్తే ఏడుపొచ్చింది. అందుకు ఇంకా కోపమొచ్చింది.

ప్రతీక్ష కూడా సన్నబడింది. పొడుగు సాగే వయసు.

నవంబర్ 25, మంగళవారం

బడి నుంచి చీటీ. దగ్గు తగ్గేదాకా పంపొద్దట. గల్లీ చివర డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఎర్ర సిరప్ ఇచ్చాడు. మొన్నటి సీసా పసుపు, ఇది ఎరుపు. సాయంత్రాలు ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంటోంది. మూసిన గదిలో ఎవరికైనా వెచ్చగానే ఉంటుంది.

కోమల్ మెట్ల దగ్గర కనిపించి ఏదో అనబోయింది. నేను ఫోను చెవిలో పెట్టుకున్నాను. ఫోను అవతల ఎవరూ లేరు.

డిసెంబర్ 1, సోమవారం

హైదరాబాదు సగం శంకర్రావు గారికి నచ్చలేదు. "ముంబై గురించి రాస్తే చేపల వాసన వస్తుంది, హైదరాబాద్ రాస్తే ఫోటో చూసి రాసినట్టుంది" అన్నారు. ఫోటో చూసే రాశాను మరి. గురువారం బస్సులో సీటు ఖాళీ ఉందట. వెళ్లి, వేళల పట్టిక సరిచూసి, శనివారం తిరిగి రమ్మన్నారు.

మంగేష్‌కు చెప్పను. అత్తమ్మకు పూణే పని అని చెప్పాను. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లులు ఈ ఇంట్లో ఇప్పటికి మూడయ్యాయి.

డిసెంబర్ 5, శుక్రవారం, హైదరాబాద్

లాడ్జిలో కూర్చుని రాస్తున్నాను. ఇంకా సాయంత్రమే. కింద ఎవరో పెళ్లి బ్యాండు వాయిస్తున్నారు.

పొద్దున దిగాను. నాకు తెలుగు వచ్చన్న ధైర్యంతో ఆటో అతనితో మాట్లాడితే, నన్ను ఎగాదిగా చూసి హిందీలో జవాబిచ్చాడు. ముంబైలో నేను తెలుగుదాన్ని, ఇక్కడ ముంబైదాన్ని. అయినా బోర్డుల మీద అంతటా తెలుగు అక్షరాలు, బస్సు మీద, మందుల షాపు మీద, చెత్త డబ్బా మీద కూడా. బడిలో సారు బెత్తంతో నేర్పిన అక్షరాలు ఇక్కడ చెత్త డబ్బా మీద ఉన్నాయి. మంగేష్ అన్నది నిజమేనేమో, ఇదే మన ఊరేమో అని ఒక్క నిమిషం అనిపించింది.

మొదట మ్యూజియంకే వెళ్లాను. మూసి ఉంది. మూసి ఉంటుందని తెలిసే వెళ్లాను. గేటు దగ్గర కాపలా ఆయన్ని, ఎప్పుడైనా శుక్రవారం తెరుస్తారా, నవంబర్‌లో ఏమైనా తెరిచారా అని అడిగాను. ఎంత దీనంగా అడిగానో ఏమో, ఆయన జాలిపడ్డాడు. "లేదమ్మా, శుక్రవారం బందే. రేపు రా, మంచిగ చూపిస్త" అన్నాడు.

అక్కడి నుంచి చార్మినార్ నడిచే వెళ్లాను. శుక్రవారం జనం, గాజుల దుకాణాలు, అత్తరు, పండ్ల బండ్లు. ఒక హోటల్లో ఇరానీ చాయ్ తీసుకుని, ఎదురుగా చార్మినార్ కనిపించేలా నిలబడి మంగేష్‌కు ఫోను చేశాను. ఎక్కడున్నావని అడిగాను.

"చార్మినార్ కాడనే ఉన్న. జనం మస్తున్నరు. చాయ్ తాగుతున్న" అన్నాడు.

నా చేతిలో కప్పు ఉంది. చుట్టూ చూశాను. పిచ్చిదానిలా ఒక్కొక్క మొహం చూశాను, నిజంగానే ఉన్నాడేమో అని. ఎంత వెర్రి మనసో చూడు, ఆ క్షణంలో కూడా అతన్నే నమ్మింది. ఇటువైపు నా చెవిలో ఆటోల మోత. అటువైపు అతని వెనక ఆ మోత లేదు. ఒక గరగర, ఒక ఊపు. తరువాత ఆ ఆడ గొంతు, పుట్టినప్పటి నుంచీ నేను వింటున్న గొంతు:

"పుఢీల్ స్టేషన్, మాహిమ్."

లోకల్ ట్రైను. వచ్చే స్టేషన్ మాహిమ్. మా ఇంటి నుంచి ఎనిమిది కిలోమీటర్లు.

అతనికి దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గాడు. "ఈడ దుమ్ము బాగుంది" అని పెట్టేశాడు.

డిసెంబర్ 6, శనివారం

గోల్కొండ. కింద గుమ్మం దగ్గర చప్పట్లు కొడితే కొండ పైన వినిపిస్తుంది. శత్రువు వస్తే పైవాళ్లకు ఇలా తెలిసేదట. నిజంగా వినిపిస్తుంది, నేను పైన నిలబడి విన్నాను. పుస్తకంలో రాయాలి.

ముంబైలో ఇలాంటిది లేదు. అక్కడ ఎనిమిది కిలోమీటర్ల దూరంలో మనిషి ఉన్నా తెలియదు.

డిసెంబర్ 7, ఆదివారం

వచ్చేశాను. ప్రతీక్ష దువ్వెనతో ఆడుకుంటూ పడుకునే ఉంది. హైదరాబాద్ గాజులు తొడిగితే మోచేయి దాకా పోయాయి. చిన్న సైజే తెచ్చాను.

డిసెంబర్ 8, సోమవారం

ప్రతీక్షను గది మూల నీళ్ల మోరి దగ్గర మొహం కడుక్కోమని పంపి, అత్తమ్మ ముందు కూర్చున్నాను. మాహిమ్‌లో ఎవరుంది అని అడిగాను. ఎంత పద్ధతిగా అడిగానో నాకే ఆశ్చర్యం. ఆమె చాలాసేపు చీర కొంగు మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది.

"ఆడది లేదు, పాడు లేదు. టీబీ అన్నరు బిడ్డా. ధారావిల గంగారాం తాన ఉన్నడు" అంది.

నాకు నవ్వొచ్చింది. ఇది దాచుకోను, నా పుస్తకం కదా. ఆడది లేదు అన్న మాటకు గుండె మీద నుంచి బండ దిగినట్టయి నవ్వాను. ఎంతసేపు నవ్వానో తెలియదు. మోరి దగ్గర ప్రతీక్ష దగ్గేదాకా.

ఆడది అయినా బాగుండేది.

డిసెంబర్ 9, మంగళవారం

మాహిమ్‌లో దిగి ధారావి వెళ్లాను. "ధారావి నడక, రెండు గంటలు, ఫోటోలు తీయరాదు" అని పుస్తకంలో నేనే రాశాను, వెళ్లకుండానే. ఇవాళ వెళ్లేసరికి ఎదురుగా తెల్ల టూరిస్టులు ఎనిమిది మంది, వాళ్ల గైడు ఇంగ్లీషులో ఏదో చెబుతున్నాడు. వాళ్లు నన్ను కూడా చూశారు. చూడాల్సిన వాటిలో నేనూ ఒకదాన్ని అన్నట్టు.

గంగారాం మంగేష్‌తో పాటు సీలింగ్ పని చేసినవాడు. బడి సంచులు కుట్టే కార్ఖానా పైన అతని గది. ఇనుప నిచ్చెన ఎక్కి వెళ్లాలి. గంగారాం ఊళ్లో లేడట, గది మంగేష్‌కు వదిలేసి పాలమూరు వెళ్లాడట. సగం నిచ్చెన ఎక్కేసరికి నీలం రేకు గోడ కనిపించింది. ఆ గోడకు ఆనుకుని మంగేష్. మొహానికి గుడ్డ కట్టుకున్నాడు. నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూలబడ్డాడు. పైకి రావద్దని చేత్తో ఆపాడు. నేను నిచ్చెన మీదే నిలబడ్డాను. కింద కుట్టు మిషన్లు ఆగకుండా నడుస్తున్నాయి.

తిట్టాలని దారంతా మాటలు పోగేసుకుని వెళ్లాను. ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగాను. అతను తల దించుకుని చెప్పాడు. తెలిస్తే టూరిస్టులతో మసిలే నా ఉద్యోగం పోతుందని, గల్లీలో పిల్లతో ఎవరూ ఆడుకోరని, నాలుగు నెలలు మాత్రలు మింగి, దగ్గు తగ్గాక హైదరాబాదు నుంచి వచ్చినట్టు వద్దామని అనుకున్నాడట. మాత్రలు రోజూ మింగుతున్నాడు. మ్యూజియం, గడియారం, బొమ్మ మనిషి అన్నీ ఫోనులో చూసి కంఠతా పట్టి నాకు చెప్పాడట, నా పుస్తకం పాడవకూడదని.

"కోమల్ బిందె యాదికుందా?" అన్నాడు.

ఉంది. మూడేళ్ల కింద నల్లా దగ్గర కోమల్ బిందె అందరికన్నా చివర పెట్టాలని తీర్మానం చేశారు. ముందు నోరు తెరిచింది నేను. మంగేష్ గ్యాలరీలో నిలబడి చూస్తున్నాడు, గుర్తుంది. ఆ రోజు నేను నీళ్ల దగ్గర గెలిచి వచ్చినందుకు చాలా గర్వపడ్డాను. ఈ మనిషి ఆ రోజే నన్ను చూసి భయపడ్డాడు. నా నోటికి భయపడే ఇక్కడ రేకుల కింద కూర్చున్నాడు.

దగ్గు ఎప్పటి నుంచి అని అడిగాను.

"వినాయక చవితి కాడికెళ్లి. పీఓపీ దుమ్మనుకున్న. దసరా అయినంక రక్తం వడ్డది, గప్పుడు పోయి చూపిచ్చుకున్న."

చవితి నుంచి అతను వెళ్లిన రోజు దాకా రెండు నెలలు. ఆ రెండు నెలలూ ప్రతీక్ష అతని పక్కలోనే పడుకుంది.

"పిల్లకు దగ్గు తగ్గుతలేదు" అన్నాను.

అతను మొహం మీది గుడ్డ సర్దుకున్నాడు. నా వైపు చూసి, చిన్నపిల్లవాడు తప్పు చేయలేదని ఒట్టు పెట్టినట్టు అన్నాడు:

"కంచం ఏరు జేసినం గద, సపనా. తెల్సిన దినమే ఏరు జేసినం."

కంచం వేరు చేశారు. గ్లాసు వేరు చేశారు. వాళ్ల తాతల నాటి నుంచీ ఈ ఇంట్లో రోగమంటే కంచమే. తల్లీకొడుకులు అంత నిష్ఠగా కంచాన్ని కాపలా కాశారు. రక్తం పడ్డాక కూడా పది రోజులు కాగితం ప్లేటులో తిని, అదే గదిలో, అదే పక్క మీద, పిల్లను ఆనుకుని పడుకున్నాడు. కిటికీ మాత్రం మూసి ఉంది. దుమ్ము రాకుండా సందుల్లో గుడ్డలు కుక్కింది నేను.

నిచ్చెన దిగాను. టూరిస్టులు ఇంకా అక్కడే ఉన్నారు.

డిసెంబర్ 10, బుధవారం

పొద్దునే పై అంతస్తుకు వెళ్లి కోమల్ తలుపు తట్టాను. ఆమె నా మొహం చూసి చెప్పులు వేసుకుంది. సర్కారు దవాఖానాలో ఏ కిటికీ దగ్గర చీటీ రాయించుకోవాలో, ఎక్కడ నిలబడాలో అన్నీ ఆమెకు తెలుసు. ప్రతీక్ష చెయ్యి ఆమే పట్టుకుంది. మూడేళ్లలో ఆమె మా పిల్లను ముట్టుకోవడం ఇదే మొదటిసారి, నేను ముట్టుకోనిచ్చిందీ ఇదే మొదటిసారి.

ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ చిన్న వయసు ఆవిడ, మరాఠీలో అడుగుతోంది. బరువు ఎంత తగ్గింది, జ్వరం ఏ వేళకు వస్తుంది, ఇంట్లో ఎవరికైనా ఉందా. ఉంది అని చెప్పాను. ఆ మాట బయటికి చెప్పడం ఇదే మొదలు. దగ్గు ఎన్నాళ్లుగా ఉంది అంది. పది పన్నెండు రోజులు అన్నాను. ఆమె ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి కాసేపు చూసింది. నన్ను చూసింది. "నీట్ ఆఠవూన్ సాంగా" అంది, సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పండి అని. రేపు కఫం పరీక్ష, నాకూ అత్తమ్మకూ కూడా. ఏ రకమో తేలాక మందు మొదలుపెడతారట. ఎక్స్‌రేలో ఆమె చూపు ఎక్కడ ఆగిందో చూశాను. కుడివైపు, పైన, తెల్లగా ఉన్నచోట.

ఇంటికి వచ్చేసరికి పై అరలో రెండు కంచాలు బోర్లించి ఉన్నాయి. పెద్దది, దాని పక్కన పువ్వుల బొమ్మ ఉన్న చిన్నది. అత్తమ్మ మూలకు కూర్చుని ఉంది, ఏడ్చినట్టుంది. నేను అరవలేదు. అరిస్తే ఏం జరుగుతుందో నిన్న నిచ్చెన మీద చూశాను. చిన్న కంచం దించి, అందులో అన్నం పెట్టి, ప్రతీక్షకు తినిపించాను. దాని నోటికి గుడ్డ కట్టమన్నారు, తిన్నాక కట్టాను. తరువాత కిటికీ సందుల్లో గుడ్డలన్నీ పీకి, రెక్కలు రెండూ తెరిచాను. దుమ్ము వచ్చింది, రానీ అనుకున్నాను.

ప్రతీక్ష గాజులు చూసుకుంటూ, హైదరాబాదా ముంబైనా, ఏ ఊరు బాగుంది మమ్మీ అని అడిగింది. రెండూ బాగున్నాయన్నాను. శంకర్రావు గారి జవాబే.

అప్పుడు ఈ పుస్తకం తీశాను. డాక్టరమ్మ గుర్తు తెచ్చుకోమంది కదా. ఏ ఫోటో ఎప్పుడు వచ్చింది, ఏ మాట ఏ వారం అన్నాడు, మంగేష్‌ను పట్టుకోవడానికి అంతా తారీఖులతో సహా రాసిపెట్టాను. పిల్ల దగ్గు కూడా అక్కడక్కడా ఉంది, ఒక్కో వాక్యం. దుమ్ము అని ఉంది. ఐస్‌క్రీం అని ఉంది. పొడుగు సాగే వయసు అని ఉంది. అంతా నా చేతిరాతే. మొదటిది అక్టోబర్ 29న ఉంది, నిన్నటి నుంచి దగ్గు అని. అక్కడి నుంచి ఒక్కో రోజు వేలు పెట్టి లెక్కపెట్టాను. నలభై మూడు.

రేపు పొద్దున ఈ పుస్తకం పట్టుకుని వెళ్తాను. డాక్టరమ్మకు తెలుగు రాదు, ఎక్కడెక్కడ ఏముందో నేనే చదివి చెప్పాలి.